ఆ అంకె ముందరి చిన్న గీత

ఇట్ల కూర్చో పాపా. మంచం పట్టె మీద కాదు, కిందికి దిగి నా ఎదురుగా కూర్చో. ఆ ఫోను ఆడ పెట్టు. అది రికార్డు చేసుకుంటే చేసుకోనీ, నువ్వు మాత్రం సరింగా ఇను. నడమ నడమ తర్వాత ఏమైంది అవ్వా, తర్వాత ఏమైంది అవ్వా అని తొందర పెట్టొద్దు. పేర్లు కూడా అడగొద్దు. పోయినోళ్ళు పోయినారు, ఉండేవోళ్ళు ఉండారు, ఎవురి పేరూ నా నోట రాదు.

మొన్న నువ్వు పాఠం చదువుకుంటా చెప్తివే, గురుత్వ తరంగాలను పట్టుకున్నారంట అవ్వా, వాటితో ఆ పెద్దాయన సిద్ధాంతం నిజమా కాదా అని పరీక్ష పెడతాండారంట అని. నేను నవ్వితే అవ్వకు అర్థం కాలేదు పాపం అనుకున్నావు. నీ మొగం చూస్తే తెలిసిపోయె. ఆ పరీక్షలో నేను కూడా ఒకసారి కూర్చున్నా పాపా. అది కూడా ఓడిపోయే పక్కన కూర్చున్నా.

అప్పుడు మీ నాయన చంకలో బిడ్డ. నాది వడమాలపేట పుట్టిల్లు, నీకు తెలుసు. ఎమ్మెస్సీ ఫిజిక్సు చేసింది తిరపతిలోనే. పెండ్లి అయ్యి ఈ ఇంటికి వచ్చినాక ఆడపిల్లల కాలేజీలో టెంపరరీగా పాఠాలు చెప్తా, యూనివర్సిటీలో రీసర్చి చేస్తా ఉంటి. డాక్టరేటు వస్తేనే ఆ పని నిలుస్తాది, లేకుంటే ఎప్పుడైనా ఇంటికి పొమ్మంటారు. రీసర్చికి ఇచ్చిన గడువు కూడా అయిపోవస్తా ఉండె. ఒకసారి పొడిగించినారు, రెండోసారి ఇయ్యమని కచ్చితంగా చెప్పేసినారు.

మా గైడు సారుది చిత్తూరు. దినాము బస్సులో వచ్చి పోయేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతిలో ఒక జిప్పు సంచి. క్లాసులో ఎంత బాగా ఇంగ్లీషు మాట్లాడినా, మనసులో మాట వచ్చేటప్పటికి "సూడమ్మా" అని మొదులు పెట్టేవాడు. ఆయనకు సొంతంగా ఒక సిద్ధాంతం ఉండె. గురుత్వాకర్షణ మీద. నవ్వొద్దు, తిరపతిలో కూర్చోని అట్లాంటివి ఆలోచన చేసేవోళ్ళు ఉండారు.

ఆ జుట్టు రేగిపోయిన పెద్దాయన చెప్పింది ఏమంటే, బరువుండేది ఏదైనా తన చుట్టూ ఉండే చోటునే వంచేస్తాది అని. మా సారు చెప్పింది ఏమంటే, వంగేది ఒకటి ఉండాది సరే, దాని కింద వంగనిది ఇంకోటి కూడా ఉండాది అని. పరుపు మీద పడుకుంటే పరుపు గుంత పడతాది, కింద మంచం పలక గుంత పడదు గదా, అట్ల. ఇద్దురి లెక్కలూ శానా చోట్ల ఒకటే జవాబు చెప్తాయి. సూర్యుడి చుట్టూ బుధుడు తిరిగే లెక్క తీసుకో, ఇద్దురిదీ ఒకటే. సూర్యుడి పక్కన వెలుగు వంగే లెక్క తీసుకో, ఇద్దురిదీ ఒకటే. తేడా వచ్చేది ఒకే ఒక్క చోట.

రెండు చచ్చిపోయిన నక్షత్రాలు, శానా బరువైనవి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాండాయి అనుకో. అట్ల తిరిగేటప్పుడు అవి గురుత్వ తరంగాలు వదుల్తాయి. పెద్దాయన లెక్కలో ఆ తరంగాలు సత్తువ ఎత్తుకోని పోతాయి, నక్షత్రాలు దగ్గరికి జరుగుతాయి, ఒక చుట్టు తిరిగేదానికి పట్టే కాలం రవ్వంత తగ్గుతాది. మా సారు లెక్క దానికి తలకిందులు. సత్తువ వచ్చి చేరతాది, దూరం జరుగుతాయి, కాలం పెరుగుతాది. తగ్గితే పెద్దాయన గెలిచినట్టు, పెరిగితే మేము. దీంట్లో నడమ దారి లేదు. ఈ పెరుగుతాదనే లెక్క ఉండాదే, అది నేను చేసింది. నా థీసిస్సులో కడపటి అధ్యాయం అదే.

అట్లాంటి జంట ఒకటి అప్పటికే దొరికి ఉండె. దాంట్లో ఒకటి రేడియోలో టిక్కు టిక్కుమని గడియారం మాదిరి కొడతా ఉంటాది, ఆ టిక్కుల్ని పెట్టుకోని చుట్టు కాలం కొలవొచ్చు. అది దొరికినాదని తెలిసిన దినం మా సారు మొగం చూడాల. "సూడమ్మా, ఆకాశం మన కోసరమే గడియారం కట్టిపెట్టినాది" అన్నాడు. పరీక్ష పెట్టేది ఎవురో కాదు, ఆకాశమే. ఇంక జవాబు వచ్చేదాకా కాచుకోని ఉండాల.

ఆ జవాబు వచ్చిన తీరు చెప్తా ఇను. బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి మా డిపార్టుమెంటులో ఉపన్యాసం ఇచ్చినాడు. సూర్యుడి గురించి, మాకు సమ్మంధమే లేదు. అయిపోయినాక టీలు బిస్కెట్లు ఇస్తా ఉంటే, ఎవురో పిల్లోడు ఆ జంట సంగతి అడిగినాడు. ఆయన టీ తాగుతానే, అవును, కాలం తగ్గుతాందని అంటాండారు, పెద్దాయన లెక్కకు బాగానే సరిపోతాందంట, అనేసి ఇంకో మాటకు పోయినాడు. ఆయనకు అది ఊరికే ఒక వార్త. నేను సారు కల్లా చూస్తిని. చేతిలో బిస్కెట్టు టీలో ముంచి పట్టుకున్నాడు, అది మెత్తబడి విరిగి లోపల పడిపోయినాది, ఆయనకు తెలీలేదు. ఉత్త వేళ్ళు అట్లే పట్టుకోని ఉండాడు.

బయటికి వచ్చినాక, పత్రికలో అచ్చయింది కండ్లతో చూసేదాకా ఏదీ నమ్మొద్దమ్మా అన్నాడు. సరే అన్నా. అయితే ఆ పత్రిక వచ్చేదేమో ఓడలో. లండను నుంచి మద్రాసుకు, ఆడి నుంచి పోస్టులో మా లైబ్రరీకి. నెలలు పడతాది. నేను పాఠం అయిపోతానే ఎండలో నడిచి పోయి లైబ్రరీ అల్మారా ముందర నిలబడేదాన్ని. ఆడ కూర్చునే ఆయప్ప నన్ను చూసి, ఇంకా సముద్రంలోనే ఉండాదమ్మా, ఈత రాదంట దానికి, అని ఎగతాళి చేసేవాడు. నాకేమో వచ్చింటే బాగుండు అని ఒక పక్క, రాకుంటే బాగుండు అని ఇంకో పక్క.

వచ్చినాది ఒకనాడు. కుర్చీ లాక్కోని కూర్చునే ఓపిక కూడా లేదు, నిలబడే తిప్పినా. మాటలన్నీ వదిలేసి అంకె కోసరం చూస్తిని. అంకె ముందర ఒక చిన్న గీత. అంతే. తీసివేత గుర్తు. నా అధ్యాయంలో అదే చోట కూడిక గుర్తు ఉండాది. గోరుతో గీకి చూసినా పాపా, అచ్చు వేసేటప్పుడు పడిన మచ్చేమో అని. మచ్చ కాదు.

తిరిగి వచ్చి నా లెక్క మల్లా మొదుల్నుంచి చేస్తిని. ఇప్పటి మాదిరి కంప్యూటర్లు యాడివి. చేత్తో తిప్పే లెక్కల మిషను ఒకటి ఉండె, గరగరమని సద్దు చేస్తాది, తిప్పి తిప్పి మణికట్టు వాచిపోయె. యాడో ఒక్క చోట గుర్తు తప్పు పడింటే చాలు, మేము కూడా తగ్గే పక్కకు వచ్చేస్తాం. నేను తప్పు చేసి ఉండాల స్వామీ అని కొండకల్లా చూసి మొక్కుకోని లెక్క చేసింది నా బతుకులో అదొక్కసారే. తప్పు దొరకలా. పెరుగుతాది, పెరుగుతాది, ఎన్నిసార్లు చేసినా పెరుగుతాదనే వచ్చె.

సారుకు చెప్తే తల ఎత్తకుండానే ఇన్నాడు. కొన్నాళ్ళు ఆ మాటే ఎత్తలా. నేను కూడా అడగలా. ఇద్దురం ఒకే రూములో ఎదురెదురుగా కూర్చోని, ఇంట్లో పీనుగ ఉన్నట్టు మెల్లగా తిరిగేవాళ్ళం. తర్వాత ఒకనాడు పిలిచి, ఆ కడపటి అధ్యాయం తీసేద్దాం అన్నాడు. మిగతా అధ్యాయాలు బాగుండాయి, బుధుడు ఉండాడు, వెలుగు ఉండాది, అవే చాలు పట్టాకు. పరీక్షకు వచ్చేవాళ్ళు జంట సంగతి అడిగితే అప్పుడు చూసుకుందాం అన్నాడు.

నేను ఆ అధ్యాయం కాయితాలు తీసి చంకలో పెట్టుకున్నా. ఇంటికి వచ్చేసినా.

ఇప్పుడు మా మామ సంగతి చెప్పాల. మామ అంటే మీ తాత వాళ్ళ నాయన. పక్క వీధి చిన్న గుడిలో పూజ చేస్తా, పంచాంగం లెక్కలు కడతా ఉండేవాడు. వీధి మొత్తానికి తిథులు, ముహూర్తాలు ఆయన చెప్పాల్సిందే. పంచాంగం లెక్కలో రెండు తెగలు ఉండాయి పాపా. ఒకటి వాక్యం, ఎప్పుడో పూర్వం పెద్దోళ్ళు కట్టిపెట్టిన లెక్క, నోటికి వస్తాది, దాన్ని మార్చరు. ఇంకోటి దృక్కు, ఆకాశంలో కంటికి కనపడేదానికి సరిపోయేటట్టు సరిచేసుకునే లెక్క. మా పుట్టింట్లో దృక్కు, ఈ ఇంట్లో వాక్యం. నా పెండ్లైన ఏడు మా అమ్మ వాళ్ళ ఏకాదశి ఒకనాడు, మా అత్త వాళ్ళ ఏకాదశి మరుసటి దినం వచ్చినాది. రెండు దినాలూ నేను కడుపు కాల్చుకున్నా. మీ తాత నవ్వి, నీకు రెండింతల పుణ్యంలే అన్నాడు.

ఆ దినం నేను అన్నం ముందర కూర్చోని వేళ్ళతో గీతలు గీస్తాంటే మామ చూసి, ఏమ్మా అని అడిగినాడు. చెప్పినా. ఆయన లెక్కంటే చెవి కోసుకుంటాడు, మొత్తం ఇన్నాడు. మా పెద్దోళ్ళు కూడా లెక్కకూ ఆకాశానికీ తేడా వస్తే బీజం అని ఒక చిన్న అంకె కలిపి సరిచేసేవాళ్ళు, మీ సారును కూడా ఒకటి కలపమను అన్నాడు. కలిపి చూసినా మామా, కలిపితే ఈ జంటకు సరిపోతాది, బుధుడి లెక్క చెడిపోతాది అన్నా. అట్లయితే ఒక కాలికి చెప్పు కుట్టేదానికి ఇంకో కాలు చెక్కినట్టే అని నవ్వినాడు. నవ్వి, మల్లా గట్టిగా చెప్పినాడు. గురువు తీసెయ్యమన్నాక నీదేముంది, సంతకం పెట్టి పట్టా తెచ్చుకో, తర్వాత ఏది నిజమని తోస్తే అది పాఠం చెప్పుకో. ఇంట్లో చంటి బిడ్డ ఉండాడు, పని ఉండాల గదా అన్నాడు. ఆయన చెప్పింది తప్పని అనలేకపోతిని. నిద్దర మాత్రం పట్టలా.

గడువు ఆ నెలాఖరుకు. ఎనభైలో పెద్ద సూర్యగ్రహణం వచ్చింది చూడు, ఆ నెలే. ఉత్తరాన కొన్ని ఊర్లలో పట్టపగలే పూర్తిగా చీకటైపోయింది. మన తిరపతిలో పూర్తిగా లేదు గానీ, సూర్యుడు మూడొంతులకు పైన మునిగిపోయినాడు. శనివారం, మధ్యాన్నం పూట. పొద్దున్నే వంటిల్లు మూసేసినాం, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసినాం. మీ తాత కొండమీద ఆఫీసు డ్యూటీలో ఉండాడు. వీధిలో కుక్క కూడా లేదు. అందురూ తలుపులు వేసుకోని, స్పర్శ ఎప్పుడో, మోక్షం ఎప్పుడో, మా మామ చెప్పే నిమిషం కోసరం చెవులు రిక్కించుకోని ఉండారు. పట్టేటప్పుడు ఒక స్నానం, విడిచేటప్పుడు ఒక స్నానం చెయ్యాల గదా. ఆయన చెప్పిన నిమిషం తప్పితే వీధి వీధంతా ఆయన్ని అడుగుతాది.

ఇంక స్పర్శకు రవ్వంత పొద్దే ఉండాదనంగా తలుపు కొట్టిన సద్దు. తీస్తే సారు. చిత్తూరు నుంచి బస్సులో వచ్చినాడు. బస్సులో డ్రైవరూ, కండక్టరూ, నేనూ, అంతే అమ్మా అన్నాడు, నవ్వలా. జిప్పు సంచి తీసి, థీసిస్సు బయట పెట్టినాడు. అధ్యాయం తీసేసి, పేజీ నంబర్లు మార్చి టైపు కొట్టించేసినాడు. మొదుటి పేజీలో నా ప్రమాణం, దాని కింద నేను సంతకం పెట్టే చోటు ఖాళీగా ఉండాది. పక్కన ఆయన సంతకం చోటు కూడా ఖాళీ. సోమవారం ఇచ్చేస్తా అన్నాడు. పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టినాడు.

"సూడమ్మా," అన్నాడు, "దీంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రాయనిదాన్ని ఎవురూ అబద్ధం అనరు."

పెన్ను పట్టుకున్నా. మా అత్త లోపల మీ నాయన్ని ఒళ్ళో పెట్టుకోని జో కొడతాంది. పెట్టేస్తే అయిపోతాది. బిడ్డకు పాలు, ఇంటికి పని, సారుకు పరువు. పెట్టకుంటే గడువు దాటిపోతాది, సారు సంతకం లేనిదే ఏ థీసిస్సూ యూనివర్సిటీ గడప తొక్కదు. నిబ్బు కాయితానికి ఆనించినా, ఒక చుక్క ఇంకు పడింది.

అప్పుడే మామ తిన్నె మీద నుంచి లోపలికి వచ్చి, స్పర్శ కాలం అవుతాంది, ఇంక ఎవురూ గడప దాటేది లేదు అన్నాడు. సారు లేచినాడు, ఈయమ్మ సంతకం పెట్టేస్తే పోతా అన్నాడు. మామ ఒప్పుకోలా. వచ్చినోళ్ళు ఎవురైనా సరే మోక్షం దాకా ఈడనే అన్నాడు. అట్ల మా సారు మా ఇంట్లో చిక్కుకున్నాడు.

మన పాత ఇంటికి మంగళూరు పెంకులు, నువ్వు చూడలా. పెంకుల సందుల్లో నుంచి ఎండ నేల మీద రూపాయి బిళ్ళల మాదిరి గుండ్రంగా పడేది. మామ గడియారం పట్టుకోని ఆ బిళ్ళల కల్లా చూస్తా నిలబడినాడు. ఆయన చెప్పిన నిమిషం వచ్చినాది. బిళ్ళలు గుండ్రంగానే ఉండాయి. ఎదురింట్లో నుంచి, స్వామీ పట్టినాదా అని ఒక గొంతు. మామ గడియారం కల్లా మల్లా చూసినాడు. పక్కింట్లో నుంచి ఇంకో గొంతు. ఆయన మెడ మీద నరం కొట్టుకుంటా కనపడతాంది. సారు కూడా పేపర్లు వదిలేసి నేల కల్లా చూస్తాండాడు. ఎవురి లెక్క అయితే ఏమి, లెక్క కట్టినోడు ఆకాశం ముందర నిలబడితే ఎట్ల ఉంటాదో నాకు తెలుసు గదా.

అప్పుడు ఒక బిళ్ళ అంచు ఎలక కొరికినట్టు రవ్వంత చెదిరె. చూస్తా ఉంటే పక్కదీ అట్లే, ఆ పక్కదీ అట్లే. పట్టినాది, స్నానాలు చెయ్యండి అని మామ గట్టిగా చెప్పినాడు. వీధంతా చెంబుల సద్దు. మామ కూడా పెరట్లో రెండు బిందెలు పోసుకోని, తడి పంచెతో వచ్చి జపానికి కూర్చోబోతాంటే సారు అడిగినాడు.

"స్వామీ, మీది వాక్యం లెక్క అని ఈయమ్మ చెప్పె. వాక్యంలో గ్రహణం ఇంత సరిగ్గా ఎట్ల కుదిరింది?"

మామకు దాంట్లో దాచేదేమీ లేదు. తరతరాలుగా మా వాళ్ళందురూ చేసేదే అది.

"గ్రహణానికి మాత్రం దృక్కే నాయనా," అన్నాడు. "ఏకాదశి ఎవురి కంటికి కనపడతాది? గ్రహణం అట్ల కాదు గదా, వీధిలో జనం అందురూ చూస్తారు."

చెప్పేసి కండ్లు మూసుకోని జపం చేసుకున్నాడు. ఆయనకు అది మామూలు మాట. నాకు మాత్రం వీపు మీద ఎవురో చన్నీళ్ళు పోసినట్టయింది. సారు నా కల్లా తిరిగినాడు. నేను పెన్ను మూత పెట్టేసినా.

"సార్, మనం కూడా అదే గదా చేస్తాండేది. ఎవురూ చూడలేని చోట మన లెక్క పెట్టుకుంటాం. చూడగలిగిన ఒక్క చోటు వస్తే అధ్యాయమే తీసేస్తాం."

అంత మాట ఆయనతో ఎప్పుడూ అనలా నేను. ఇంట్లో వెలుగు మసకబారి, ఎండ చల్లబడి, కాకులు గూళ్ళకు పోయే సద్దు ఇనపడె. నేల మీద బిళ్ళలన్నీ నెలవంకలు అయినాయి, సన్నగా, గోరు చివర కత్తిరించి చల్లినట్టు. సారు వాటి నడమ కూర్చోని, తొడ మీద చేతులు పెట్టుకోని, వాటినే చూస్తా ఉన్నాడు. ఆ కొద్దిసేపు ఒక ఏడంత ఉండె. ఎప్పుడో ఒకసారి మాత్రం, నాకు చెప్పినట్టు కాదు, తనకు తానే చెప్పుకున్నట్టు, "పెండ్లి కాక ముందు మొదులు పెట్టినా దీన్ని" అన్నాడు.

మోక్షం అయినాక మామ ఆయన్ని విడవలా. గ్రహణం పట్టిన ఇంట్లో ఉండి స్నానం చెయ్యకుండా పోతే ఎట్ల అని పెరట్లోకి తీసుకుపోయి ప్యాంటూ చొక్కాతోనే రెండు బిందెలు తలమీద పోసినాడు. సారు వద్దంటానే ఉండాడు, నీళ్ళు పడిపోతానే ఉండాయి. తర్వాత మామ పంచె ఒకటి కట్టుకోని, పైన మీ తాత చొక్కా వేసుకోని, తడి బట్టలు మూటకట్టుకోని చిత్తూరు బస్సుకు పోయినాడు మా సారు. సంచి మా ఇంట్లోనే మరిచిపోయినాడు. మరిచిపోయినాడో, వదిలేసినాడో, ఎవురికి తెలుసు.

ఆదివారం ఎట్ల గడిచిందో నాకే తెలుసు. ఆ సంచిని గూట్లో పెట్టి, వంటింట్లోకి పోతా వస్తా దాన్నే చూస్తాంటి. మామ కూడా ఏమీ అడగలా. నేను గురువును అట్ల అనింది ఆయన జపంలో ఉండి ఇన్నాడని నాకు తెలుసు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం, పని పోతే పాఠాలు ఇంట్లో చెప్పుకుందువులే అని మెల్లగా అన్నాడు. ఆ మాట ఇనేటప్పటికి నాకు ఏడుపు వచ్చింది, ఎందుకంటే ఇంక పోయినట్టే అని ఆయనకు కూడా అనిపించింది గదా.

సోమవారం పొద్దున సారు వచ్చినాడు. ఇస్త్రీ చేసిన పంచె, చొక్కా మామ చేతిలో పెట్టినాడు. తిన్నె మీద కూర్చోని, ఆ తీసేసిన అధ్యాయం యాడ పెట్టినావమ్మా అని అడిగినాడు. నేను ఉయ్యాల కింద బిడ్డ గుడ్డల పెట్టెలో పెట్టింటి, తెచ్చి ఇచ్చినా. మొత్తం మల్లా చదివినాడు, ఒక్కొక్క పేజీ తిప్పతా. నేను స్తంభం పట్టుకోని నిలబడినా. కడపటి పేజీ అడుగున తన చేత్తో ఒక వాక్యం రాసినాడు. ఇంగ్లీషులోనే రాసినాడు, అర్థం ఇది: ఈ జంట నక్షత్రాల మీద చేసిన కొలత నిలబడితే, ఈ పరిశోధనలో వాడిన సిద్ధాంతం నిలబడదు. రాసి పెన్ను నాకు ఇచ్చినాడు.

"ముందు నువ్వు పెట్టు. తర్వాత నేను పెడతా."

పెట్టినా. ఆయన కూడా పెట్టినాడు. ఆయన సంతకం చివర్లో ఎప్పుడూ ఒక సుడి తిప్పేవాడు, ఆ దినం తిప్పలా.

బస్టాండు కాడ టైపు కొట్టే సాయిబు దగ్గరికి పోతే, ఆయప్ప నెత్తి కొట్టుకున్నాడు. మొన్న తియ్యమంటిరి, నంబర్లన్నీ మారిస్తి, ఇప్పుడు మల్లా పెట్టమంటే ఎట్లమ్మా అన్నాడు. అంటానే మిషన్లో కాయితం ఎక్కించినాడు. సారు చేత్తో రాసిన పేజీ మాత్రం అట్లే ఉంచి, గడువుకు ముందు రోజు బైండు కట్టించి ఇచ్చేసినాం.

వైవా, అదే నోటి పరీక్ష, ఆ దినం సంగతి ఇంకా చెప్పలా నీకు. పరీక్ష చేసేదానికి మద్రాసు నుంచి ఒకాయన వచ్చినాడు, తెల్ల జుట్టు, మెడలో కండువా. గైడు పక్కన కూర్చోవొచ్చు గానీ నోరు తెరవకూడదు. ఆయప్ప నా అధ్యాయం కడపటి పేజీ తెరిచి, ఆ చేతి రాత మీద వేలు పెట్టి అడిగినాడు. నీ సిద్ధాంతం నిలబడదని నువ్వే రాసుకున్నావు, ఇంక దేనికమ్మా పట్టా ఇయ్యమంటావు అన్నాడు. సారు కల్లా చూస్తిని, ఆయన కిటికీ కల్లా చూస్తాండాడు.

"ఆ సిద్ధాంతం యాడ పరీక్షకు దొరుకుతాదో వేలు పెట్టి చూపించే లెక్క నేను చేసినా సార్," అన్నా. "దానికి ఇయ్యండి."

ఆయప్ప నన్ను బయట కూర్చోమన్నాడు. వరండాలో కూర్చుంటి. లోపల మాటలు ఇనపడతాండాయి, అర్థం కావడం లేదు. ఒకసారి గొంతు పెద్దదయింది, అది మా సారుది. మాట్లాడకూడదు గదా ఆయన, మాట్లాడినాడు. తర్వాత సద్దు లేదు. అటెండరు వచ్చి రమ్మన్నాడు. లోపలికి పోతే ఆ మద్రాసాయన లేచి నిలబడి చెయ్యి ఇచ్చినాడు. అయిపోయినాది. వచ్చేసినాది పాపా. పని కూడా పర్మనెంటు అయినాది, రిటైరయ్యేదాకా చేసినా, నీకు తెలిసిందే.

మా సారు మల్లా ఆ సిద్ధాంతం మీద ఒక్క కాయితం రాయలా. క్లాసులో మాత్రం బోర్డు మీద సగానికి ఒక గీత గీసి, ఇది నేను కట్టినా, ఈడ కూలింది అని పిలకాయలకు చూపించేవాడు. ఆయన దగ్గర చదువుకున్న పిలకాయలందురికీ ఆ చోటు బాగా గుర్తుంటాది. నాకు మొన్న నువ్వు చదివిన పాఠం ఇన్నప్పుడు ఆయనే గుర్తుకొచ్చినాడు. ఉండింటే, సూడమ్మా, నేరుగానే పట్టేసినారంట అని బస్సెక్కి వచ్చేసేవాడు.

పట్టా వచ్చిన సంతోషానికి మామ ఆయన్ని ద్వాదశి భోజనానికి పిలిచినాడు. ఏకాదశి ఉపాసం ఉండి మరుసటి పొద్దున తింటాం గదా, ఆ భోజనానికి. చింతపండు లేని పులుసు, అగిసాకు కూర, ఉసిరి నెల్లికాయ పచ్చడి. విస్తరాకు వేసినాక సారు చెయ్యి కడుక్కోని వచ్చి కూర్చోని, మామను ఓరగా చూసి అడిగినాడు.

"స్వామీ, ఈ పొద్దు ద్వాదశి ఎవురి లెక్కకు? మీ లెక్కకా, ఆకాశం లెక్కకా?"

మా అత్తకు చేతిలో గరిటె ఆగిపోయె. మీ తాత తల వంచుకోని నవ్వు ఆపుకుంటాండాడు. మామ ఉత్తరీయం సరిచేసుకోని, విస్తరాకు చుట్టూ నీళ్ళు తిప్పి, ఒక చెయ్యి సారు భుజం మీద వేసి, అదీ ఎట్లన్నాడంటే, ఇరవై నాలుగు గంటలూ కొలిచే మీరు ఒక్క పూట…

ఆ? ఆ, వస్తాండా. మీ అమ్మ పిలుస్తాంది, అన్నం పెట్టేసినాదంట, చల్లారిపోతాదంట. వస్తానమ్మా, ఒక్క మాట. అదే పాపా, మామ ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఒక్క పూట మా ఇంట్లో ఆకలి లెక్కకు తినండి అని…